నిజాం గారి పసుపు కారు మన బొమ్మల కొలువులో!

సంక్రాంతికో దసరాకో ఆక్లాండ్‌లో మనవాళ్ళ ఇళ్ళకి వెళితే బొమ్మల కొలువు మెట్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క పిడతలు, దశావతారాలు, ఓ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, కింది మెట్టు మీద పిల్లలు పట్టుబట్టి పెట్టించిన ప్లాస్టిక్ కార్లు. మౌంట్ రాస్కిల్‌లోని మా ఇంటి కొలువులో మాత్రం ఆ ప్లాస్టిక్ కార్ల పక్కన ఓ పాతకాలపు పసుపు కారు కూడా ఉంటుంది. పొడవు అరచేతికి కాస్త ఎక్కువ. పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు అందుకుంటూ "ఇదెక్కడ కొన్నారండీ?" అని అడుగుతారు. కొన్నది కాదు, చేసింది అని చెబితే రెండో ప్రశ్న "ఎలా చేశారు?" అని వస్తుంది. పేరంటంలో నిలబడి చెప్పే జవాబు కాదు కనుక తీరిగ్గా ఇక్కడ చెబుతున్నాను.

ఓ మాట ముందే చెప్పేస్తాను. మోడల్ కారు అనగానే అందరూ పైన మెరిసే రంగు గురించే అడుగుతారు. నిజానికి ఆ మెరుపు పైపూతలో ఉండదు, దాని అడుగున ఉంటుంది. ఆ ఒక్క సంగతి అర్థమైతే మిగతా పని ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు.

ఇంతకీ ఏ కారు?

రోల్స్ రాయిస్ కంపెనీ 1906లో 40/50 హార్స్ పవర్ అనే మోడల్‌ని బయటకు తెచ్చింది. 1907లో అందులో ఒక బండికి వెండి రంగు వేయించి, "సిల్వర్ ఘోస్ట్" అని పేరు పెట్టి, 15,000 మైళ్ళ పరీక్షకి పంపారు. ఆ ఒక్క బండి పేరే పోను పోను మొత్తం మోడల్‌కి స్థిరపడిపోయింది. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మలు, 7 లీటర్లు దాటిన ఇంజను. ఇంగ్లండ్, అమెరికా కలిపి 1926 దాకా 7,874 బండ్లు తయారయ్యాయి.

మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వాళ్ళు అమ్మింది పూర్తి కారు కాదు. ఇంజను, చాసిస్, చక్రాలు వాళ్ళవి. పైన కూర్చునే పెట్టె, అంటే బాడీ, వేరే కంపెనీ కట్టేది. గుర్రబ్బండ్ల కాలం నుంచీ రథాలు, కోచ్‌లు కట్టిన కంపెనీలే ఈ కార్ల బాడీలూ కట్టేవి. లండన్‌లో 1710లో మొదలైన బార్కర్ కంపెనీ వాటిలో పెద్ద పేరున్నది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన కోసం అలాంటి ఒక సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డర్ ఇచ్చారు. బాడీ బార్కర్ వాళ్ళది. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి హైదరాబాద్ చేరేసరికి గద్దె మీద ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. పసుపు రంగు, ఎత్తుగా వంపు తిరిగిన పైకప్పు, పెద్ద పెద్ద అద్దాలు, వెనకాల మిగతా సీట్లకంటే ఎత్తులో సింహాసనం లాంటి సీటు. అందుకే దాన్ని "థ్రోన్ కార్" అంటారు. ఇన్నేళ్ళలో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. ఇప్పటికీ హైదరాబాద్ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తప్పక చూడండి, శుక్రవారం మాత్రం సెలవు!

ఓ చిన్న వివరణ. "వింటేజ్" అన్న మాటని మనం పాత కార్లన్నిటికీ వాడేస్తాం. ఇంగ్లండ్ సంప్రదాయం ప్రకారం 1919 నుంచి 1930 వరకు తయారైనవే వింటేజ్. 1905 ముందువి వెటరన్, ఆ రెంటికీ మధ్యవి ఎడ్వర్డియన్. ఆ లెక్కన నిజాం గారి బండి ఎడ్వర్డియన్ అవుతుంది. మన మాటల్లో వింటేజ్ అన్నా కొంప మునిగేదేం లేదు కానీ, మోడల్ పక్కన చీటీ రాసేటప్పుడు మాత్రం తేడా తెలిసి రాయడం మంచిది.

స్కేల్ లెక్క

1:32 అంటే అసలు బండిలో 32 అంగుళాలు మన బొమ్మలో 1 అంగుళం. ఆ రోజుల్లో సిల్వర్ ఘోస్ట్ చాసిస్ రెండు పొడవుల్లో వచ్చేది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఒకదానిలో 135.5 అంగుళాలు, ఇంకోదానిలో 143.5 అంగుళాలు. మిల్లీమీటర్లలోకి మార్చి 32తో భాగిస్తే మొదటిది 107.5 మి.మీ., రెండోది 114 మి.మీ. అవుతుంది. పెట్టె తెరిచిన రోజే స్కేలు పెట్టి కొలిస్తే మీ చేతిలో ఉన్నది పొట్టి చాసిసా, పొడుగు చాసిసా తేలిపోతుంది.

ఈ లెక్కలో పొడవుల కంటే ముఖ్యమైనది మందం. బ్రష్‌తో చిక్కగా వేసిన ఒక్క పూత 0.05 మి.మీ. మందం ఉందనుకోండి. మన కంటికి అది లేనట్టే. దాన్ని 32తో హెచ్చించండి: 1.6 మి.మీ.! అసలు కారు మీద ఇంచుమించు ఒక రూపాయి బిళ్ళ మందాన రంగు పులిమినట్టు. నాలుగు పూతలు వేస్తే తలుపు అంచులు, బోనెట్ మీది గీతలు అన్నీ పూడుకుపోతాయి. చాలా బొమ్మలు "బొమ్మల్లా" కనిపించడానికి కారణం ఇదే. ఆకారం తప్పి కాదు, రంగు మందమై.

ఇదే లెక్కలో మనిషి ఎంతుంటాడు? అయిదడుగుల ఆరంగుళాల మనిషి 52 మి.మీ. ఉంటాడు. అట్టముక్కతో అంత ఎత్తు మనిషి బొమ్మ ఒకటి కత్తిరించి బల్ల మీద నిలబెట్టుకోండి. సీటు ఎత్తు, తలుపు ఎత్తు సరిగ్గా ఉన్నాయో లేదో అన్ని కొలతల కంటే ముందు ఆ అట్ట మనిషే చెబుతాడు.

కిట్ ఏది?

నిజాం గారి బండికని విడిగా కిట్ కోసం వెతకనక్కరలేదు, దగ్గరి బండితో మొదలుపెట్టవచ్చు. ఇంగ్లండ్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ 1950లలో 1:32లో పాత కార్ల వరస ఒకటి మొదలుపెట్టింది. అందులో 1911 నాటి రోల్స్ రాయిస్ ఉంది. దుకాణాల్లో ఎప్పుడూ ఉండేది కాదు, ట్రేడ్ మీ లాంటి చోట్ల పాత పెట్టెలు వేలానికి వస్తుంటాయి, కాస్త కాపు కాయాలి. చాసిస్, ఇంజను బోనెట్, రేడియేటర్, చక్రాలు కిట్ నుంచి తీసుకుని, వెనక బాడీ మనమే కట్టుకుంటాం. ఒక రకంగా చూస్తే రోల్స్ రాయిస్ పని కిట్ చేసిపెట్టింది, బార్కర్ కంపెనీ పని మనకి వదిలిపెట్టింది అన్నమాట!

మొట్టమొదటి మోడల్ చేసేవాళ్ళకి మాత్రం నా సలహా వేరు. ఉక్రెయిన్ కంపెనీ ఐసీఎం 1:24లో ఫోర్డ్ మోడల్ టి కిట్లు చేస్తుంది. సైజు పెద్దది, వేళ్ళకి అందుతుంది, కొత్త అచ్చులు కనుక ముక్కలు చక్కగా కూర్చుంటాయి. దాని మీద చెయ్యి తిరిగాక రోల్స్ రాయిస్ జోలికి వెళ్ళండి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ముక్కలు కత్తిరించే నిప్పర్, సన్నటి బ్లేడు కత్తి, ఒక చిన్న ఆకురాయి, ట్వీజర్స్, 400 నుంచి 2000 నంబరు వరకు తడిపి రుద్దే ఉప్పు కాగితం, ప్లాస్టిక్ సిమెంట్, మాస్కింగ్ టేప్, మూడు మంచి బ్రష్‌లు. స్ప్రే కోసం ఎయిర్‌బ్రష్ ఉంటే మంచిదే, లేకపోతే డబ్బా స్ప్రేతో పని నడుస్తుంది. రంగులు, పనిముట్లకి అయ్యే ఖర్చు సాధారణంగా కిట్ ధరని దాటుతుంది, ఇంట్లో ఆ లెక్క ముందే చెప్పి పెట్టుకోండి!

ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఎవరిచేతనైనా రంగులు తెప్పించుకుందామని మాత్రం అనుకోకండి. మండే స్వభావం ఉన్న రంగులు, థిన్నర్లు, స్ప్రే పెయింట్ డబ్బాలు విమానంలో సామానులో పెట్టకూడదు. కింద పీట కోసం టేకు చెక్కో, కొలువు కోసం కొండపల్లి బొమ్మో తెస్తే మాత్రం తేవచ్చు, కానీ చెక్క వస్తువు కనుక ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ వాళ్ళకి చెప్పి చూపించాలి.

ఫోటో నుంచి కొలతలు

బాడీ మనమే కట్టాలంటే కొలతలు కావాలి. మ్యూజియంలో టేపు పెట్టి కొలవనివ్వరు, నిజమే. దానికి ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో నేర్చుకున్న చిన్న ఉపాయం ఒకటి చాలు.

బండిని పక్కనుంచి, వీలైనంత దూరం జరిగి, జూమ్ చేసి ఫోటో తీయండి. దగ్గర నిలబడి తీస్తే ముందు చక్రం పెద్దదిగా, వెనక చక్రం చిన్నదిగా పడి లెక్క చెడుతుంది. ఫోటోని కాగితం మీద ప్రింట్ తీసి, రెండు చక్రాల మధ్య దూరం కొలవండి. మాటవరసకి అది 190 మి.మీ. వచ్చిందనుకుందాం. మీ కిట్‌లో అదే దూరం 114 మి.మీ. అయితే 114ని 190తో భాగిస్తే 0.6. ఇక ఫోటోలో ఏ కొలత తీసుకున్నా 0.6తో హెచ్చిస్తే మీ బొమ్మలో ఎంత ఉండాలో వస్తుంది. ఫోటోలో సీటు ఎత్తు 70 ఉంటే బొమ్మలో 42. అంతే!

ఈ పని చేస్తున్నప్పుడే ఆ బండి నాకు నిజంగా కనిపించింది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో చౌమహల్లాలో చూసినప్పుడు "అబ్బ, ఎంత బాగుందో" అనుకుని ముందుకెళ్ళిపోయాను. సీటు, అద్దం, పైకప్పు ఒక్కొక్కటి కొలిచి కాగితం మీద పెడితే అప్పుడు అర్థమైంది: ఈ బండి కొలతలన్నీ ఒకే మనిషి చుట్టూ తిరుగుతాయి. ఆ సీటు అంత ఎత్తులో ఉన్నది బయట దారి చూడడానికి కాదు, దారిలో ఉన్నవాళ్ళకి లోపలి మనిషి కనిపించడానికి. అద్దాలు పెద్దవైనదీ అందుకే. పైకప్పు వంపు తిరిగి లేచిందీ, తలపాగా పెట్టుకుని ఎత్తు సీటులో కూర్చున్న మనిషికి జాగా కావాలి కనుకే. అంబారీ ఏనుగుని తీసుకొచ్చి చాసిస్ మీద పెడితే ఎలా ఉంటుందో అలాంటిది ఈ బండి. కొలువులో దాన్ని కొండపల్లి అంబారీ పక్కనే పెట్టడానికి కారణం అదే.

అతకడం, లప్పం, ఉప్పు కాగితం

ముక్కలన్నీ ముందు గోరువెచ్చటి నీళ్ళు, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తీసేటప్పుడు పూసిన నూనె వాటి మీద ఉంటే రంగు పట్టదు. ముక్కని చేత్తో తుంచకుండా నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన బొడిపెని ఆకురాయితో అరగదీయాలి.

ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది, అతుకు కాదు, వెల్డింగ్ అన్నమాట. అందుకే రంగు వేసిన చోట అతకదు. అతికే అంచుల్లో రంగు గీకేయాలి. ఒక చుక్క చాలు, ఎక్కువైతే వివరాలన్నీ కరిగిపోతాయి.

వెనక బాడీ గోడలకి హాబీ షాపుల్లో దొరికే 0.5, 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు వాడవచ్చు. అసలు చిక్కంతా వంపు తిరిగిన ఆ పైకప్పుతోనే. దానికి మన కొండపల్లి పద్ధతిని మించింది లేదు.

కొండపల్లి వాళ్ళు ఎలా చేస్తారో చూసినవాళ్ళకి తెలుసు. తెల్ల పొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. దాన్ని చెక్కి, అవయవాలు విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దని మక్కు అంటారు. అతుకు కనబడకుండా దానితోనే నునుపు చేస్తారు. పైన సున్నం పూస్తారు. అది ఆరాకే రంగు. ఇంగ్లీషు మోడల్ పుస్తకాల్లో పుట్టీ అనేది మన మక్కే, ప్రైమర్ అనేది మన సున్నం పూతే! నేను విజయవాడ వైపు వాణ్ణి కనుక ఈ పోలిక నాకు ముందే తట్టింది గానీ, ఇల్లు కట్టించిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. గోడకి లప్పం సరిగ్గా పెట్టకపోతే ఎంత ఖరీదైన రంగు వేసినా ఎత్తుపల్లాలు కనబడుతూనే ఉంటాయి.

పొణికి ఇక్కడ దొరకదు, బాల్సా చెక్క దొరుకుతుంది. పైకప్పుని బాల్సాతో చెక్కి, దాని రంధ్రాలు మూసుకుపోయేలా పలచటి పుట్టీ రెండు మూడు సార్లు పట్టించి, ప్రతిసారీ ఆరాక 400, 600, తర్వాత 1000 నంబరు కాగితంతో రుద్దాలి. ఇక్కడే ఓపిక పరీక్ష. కళ్ళు మూసుకుని వేలితో తడమండి. కంటికి కనబడని గరుకు వేలికి తెలుస్తుంది.

ఆ తర్వాత ప్రైమర్ ఒక పలుచని పూత. ప్రైమర్ రంగుకి ఆధారం మాత్రమే కాదు, తప్పులు పట్టే పరీక్షకుడు కూడా. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే టెస్టింగ్! రకరకాల రంగుల ప్లాస్టిక్, చెక్క, పుట్టీ అన్నీ ఒకే రంగులోకి రాగానే గీతలు, గుంటలు బయటపడతాయి. వాటిని పూడ్చి, మళ్ళీ రుద్ది, మళ్ళీ ప్రైమర్. పైరంగు వేసే గంట కోసం ఈ పని పది గంటలు పట్టవచ్చు. పట్టాలి కూడా.

పసుపు రంగు సంగతి

అసలు కార్లకీ ఒకప్పుడు పని ఇలాగే జరిగేది. 1910ల నాటి బాడీ కంపెనీల్లో రంగు అంటే బ్రష్‌తో నూనె రంగు, దాని మీద వార్నిష్. ఒక పూత, ఆరబెట్టడం, రుద్దడం, మళ్ళీ పూత. ఒక బండికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వారి "డ్యూకో" అనే త్వరగా ఆరే రంగు ఓక్‌లాండ్ కార్ల మీద వచ్చాక ఆ వారాలు గంటల్లోకి దిగాయి. మన ఊళ్ళలో బీరువాలకీ తలుపులకీ "డ్యూకో పెయింటింగ్" అంటారు చూడండి, ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే! నిజాం గారి బండి డ్యూకో కంటే ముందుది. దాని మెరుపు మనిషి చేత్తో రుద్ది తెచ్చిన మెరుపు.

పసుపు అందరికీ ఇష్టమైన రంగే గానీ వేయడానికి మహా మొండిది. కింద ఏముందో దాచలేదు. బూడిద రంగు ప్రైమర్ మీద నేరుగా పసుపు వేస్తే కొంచెం పచ్చగా, మురికిగా కనబడుతుంది. తెల్ల ప్రైమర్ మీద వేస్తే నిమ్మకాయలా చల్లగా ఉంటుంది. లేత గులాబీ రంగు అడుగున వేసి దాని మీద పసుపు వేస్తే వెచ్చగా, నిండుగా వస్తుంది. మూడు ప్లాస్టిక్ చెంచాల మీద మూడు అడుగు రంగులు వేసి, ఒకే పసుపు పూసి పక్కపక్కన పెట్టి చూడండి. అడుగుపూత ఏం చేస్తుందో పిల్లలకి చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

రంగు పలుచన ఎంత? పల్చటి మజ్జిగ లాగా. గిన్నె అంచున ఒక చుక్క వేస్తే జారుతూ వెనకాల పలుచని పొర వదలాలి. ఒకేసారి కప్పేయాలని చూడకుండా అయిదారు పలుచని పూతలు వేయాలి. మొదటి రెండు పూతలకి చూస్తే దిగులేస్తుంది, కంగారు పడకండి.

ఏ పసుపు అన్నది ఇంకో చిక్కు. పాత నలుపు తెలుపు ఫోటోలు చూసి నిర్ణయించకండి. ఆ కాలపు ఫోటో ప్లేట్లకి నీలం బాగా అందేది, పసుపు, ఎరుపు సరిగ్గా అందేవి కావు. అందువల్ల పసుపు బండి ఫోటోలో నల్లగా, ఆకాశం తెల్లగా పడుతుంది. ఇంటర్నెట్‌లో ఉన్న రంగు ఫోటోలు కూడా ఒక్కో లైటుకి ఒక్కోలా ఉంటాయి. పగటి వెలుతురులో మీరు స్వయంగా తీసిన ఫోటో, అందులో పోల్చుకోవడానికి ఒక తెల్ల కాగితం ఉంటే అదే అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం. ఆపైన రంగులో కొంచెం తెలుపు కలపండి. చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది, దూరం నుంచి చూసిన పెద్ద బండి రంగు కొంచెం వెలిసినట్టు ఉంటుంది కదా, అది సరిచేయడానికన్నమాట.

పసుపు పూర్తిగా ఆరాక మడ్‌గార్డ్‌లు, చాసిస్, తోలు సీట్లు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ఇత్తడి దీపాలకి ముందు నిగనిగలాడే నల్లరంగు వేసి, దాని మీద ఇత్తడి రంగు వేస్తే లోహంలా ఉంటుంది. చివర వార్నిష్ రెండు పూతలు, మధ్యలో 2000 నంబరు కాగితంతో తడిపి మెల్లగా ఓసారి. ఇక అద్దాలు. స్టోడర్డ్ రోడ్డులో మిఠాయి కొన్నప్పుడు వచ్చే పారదర్శకమైన డబ్బా మూతలు పారేయకండి, కిటికీలకి సరిగ్గా సరిపోతాయి. వాటిని తెల్ల జిగురుతో అంటించండి. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అద్దం మంచు పట్టినట్టు తెల్లబడిపోతుంది.

మన వాతావరణం, మన ఊపిరి

మౌంట్ రాస్కిల్‌లో చాలా ఇళ్ళు యుద్ధం తర్వాతి రోజుల్లో కట్టినవి, గరాజ్‌లు చలికీ తేమకీ పెట్టింది పేరు. జూన్, జూలై సాయంత్రాల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లక్క రంగులు, స్ప్రే వార్నిష్‌లు వాడితే పైన తెల్లటి మసక పడుతుంది. రంగులోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద చేరడం దీనికి కారణం. ఎండ కాచిన మధ్యాహ్నం చూసుకుని వేయండి. అక్టోబరులో లేబర్ వీకెండ్‌కి మొదలుపెడితే అతుకులు, లప్పం పని వసంతంలో అయిపోతుంది, రంగులు క్రిస్మస్ సెలవుల్లో వేసుకోవచ్చు, సంక్రాంతికి బండి కొలువెక్కుతుంది. ఇండియాలో చలికాలం పండగ మనకిక్కడ ఎండాకాలంలో రావడం ఇలా కలిసొచ్చిందన్నమాట!

జాగ్రత్తలు మరీ ముఖ్యం. స్ప్రే చేసేటప్పుడు గరాజ్ తలుపు తెరిచి ఉంచాలి, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోవాలి. మామూలు కాగితపు మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఉప్పు కాగితం తడిపి రుద్దితే దుమ్ము లేవదు. చిన్నపిల్లలకి నీటితో కలిసే అక్రిలిక్ రంగులు, బ్రష్ చాలు, స్ప్రే పని పెద్దవాళ్ళది. మిగిలిన థిన్నర్‌ని వీధి పక్కన డ్రెయిన్‌లో పోయకండి. ఆ నీళ్ళు శుద్ధి కావు, నేరుగా వాగులోకి వెళతాయి. మన పేటలోంచి పారే ఓక్లీ క్రీక్, మావోరీ పేరు తె ఔఔంగా, చివరికి వైటెమాటా హార్బర్‌లో కలుస్తుంది.

చీటీలో ఏం రాయాలి?

బండి పూర్తయ్యాక కొలువులో పెడతాం. పక్కన చిన్న చీటీ ఒకటి పెడతాం. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైనది ఆ చీటీయే.

"నిజాం రోల్స్ రాయిస్ నమూనా" అని రాసేస్తే సరిపోతుందా? మన బొమ్మలో చాసిస్ ఒక కిట్‌ది, బాడీ ఫోటో చూసి కట్టింది, పసుపు మన అంచనా. అందుకని "చౌమహల్లా థ్రోన్ కార్ ఆధారంగా, 1:32" అని రాయడం న్యాయం. ఏది కొలిచి చేశామో, ఏది ఊహించామో రెండో లైనులో చెప్పాలి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి హైదరాబాద్ అంటే ఇలాంటి బొమ్మలు, మనం చెప్పే నాలుగు మాటలే. అవి నిజమై ఉండాలి కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు: "ఆ సీటు ఎందుకంత ఎత్తుగా ఉంది?" జవాబు దాటవేయకండి. ఆ బండికి ఆర్డర్ ఇచ్చిన మహబూబ్ అలీ ఖాన్ పేరు 1908 మూసీ వరదల నాటి సాయంతో కలిపి హైదరాబాద్‌లో ఇప్పటికీ తలుచుకుంటారు. అదే రాజ్యంలో తెలంగాణ పల్లెల్లో జనం దొరల దగ్గర వెట్టిచాకిరీ చేశారన్నదీ అంతే నిజం. ఆ ఎత్తు సీటులో రెండూ ఉన్నాయి. ఆ బాడీని చెక్కి, లప్పం పెట్టి, వారాల తరబడి రుద్ది మెరిపించిన పనివాళ్ళ పేర్లు మాత్రం ఏ చీటీలోనూ ఉండవు. అంబారీ మీద రాజు పేరు అందరూ అడుగుతారు, ఏనుగుని చెక్కిన కొండపల్లి చేతులని ఎవరూ అడగరు. మనమూ ఓసారి ఆ పని చేసి చూస్తే, వేళ్ళు నొప్పి పుట్టేదాకా రుద్దితే, ఆ చేతుల విలువ పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

మొదలుపెట్టాలనుకునేవారికి చివరగా ఓ మాట. ముందు వెళ్ళి అసలు బండి ఒకటి దగ్గరగా చూడండి. మౌంట్ రాస్కిల్ నుంచి వెస్టర్న్ స్ప్రింగ్స్‌లోని మోటాట్ మ్యూజియం కారులో ఎంతో దూరం లేదు. వెల్లింగ్టన్ వైపు వెళ్ళేవాళ్ళు పారాపరౌములో సౌత్‌వర్డ్ కార్ మ్యూజియం వదలకండి, 1915 నాటి స్టట్జ్ రేసు కారు దగ్గర్నుంచి వందల బండ్లున్నాయి. ఇత్తడి దీపం మీద వెలుగు ఎలా పడుతుందో, తోలు సీటు ఏ అంచుల దగ్గర అరుగుతుందో, చక్రం పుల్లల మధ్య నీడ ఏ రంగులో ఉంటుందో పిల్లలతో కలిసి గమనించండి. ఇంటికొచ్చి గుర్తున్నది బొమ్మ గీయమనండి. కిట్ పెట్టె ఆ తర్వాత తెరవవచ్చు.

వచ్చే సంక్రాంతికి మీ కొలువులో కూడా మీ ఊరి బండి ఒకటి, నిజాం గారిదే కానక్కర్లేదు, మీ తాతగారి అంబాసిడరైనా సరే, మెట్టెక్కాలని ఆశిస్తున్నాను. పేరంటానికి పిలవడం మాత్రం మర్చిపోకండి!